బాపు డిశ్చార్జ్ బుక్కులో లేని మూడు నెలలు

సైన్యంలో మా బాపు పని ఖచ్చర్లు తోలడం. ఖచ్చర్ అంటే కంచరగాడిద. బండ్లు ఎక్కలేని కొండల మీదికి బియ్యం, పప్పు, కిరసనాయిలు, మందులు, మందుగుండు అన్నీ ఆ జంతువుల వీపు మీదే వెళ్లేవట. గౌలిపురలో బర్రెల మధ్య పుట్టిపెరిగిన మనిషి కాబట్టి, భర్తీ రోజున "జంతువులను చూసుకోవడం వచ్చా?" అని అడిగి, వచ్చు అనగానే అటు పంపించారు. పదిహేనేళ్ల పైన చేసి, సిపాయిగా వెళ్లినవాడు సిపాయిగానే పెన్షన్ తీసుకుని ఇంటికి వచ్చాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

బడిలో మీ నాన్న ఏం చేసేవాడని అడిగితే "మిలిట్రీ" అని గర్వంగా చెప్పేదాన్ని. ఏ తుపాకీ పేల్చేవాడని అడిగితే మాట మార్చేదాన్ని. ఖచ్చర్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. బాపు ఎడమకాలి చివరి రెండు వేళ్లు సగానికే ఉండేవి. అది చూసి స్నేహితురాలు ఒకతె ఏమైందని అడిగితే "బర్రె తొక్కింది" అన్నాను. గల్లీలో అందరూ అనే మాటే అది. బాపు ఆ పక్కనే గడ్డి కోస్తున్నాడు. విన్నాడు.

బాపు లడాయికి పోయొచ్చానని చెప్పుకునేవాడు. బంగ్లాదేశ్ కోసం జరిగిన యుద్ధంలో తను కశ్మీరు సరిహద్దు కొండల మీద ఉన్నానని, మూడు నెలలు అక్కడ ఖచ్చర్లు తోలానని. కానీ రిటైరయ్యేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్కులో ఆ ముచ్చట లేదు. సిపాయి ఎక్కడెక్కడ పనిచేశాడో, ఏ పతకాలు వచ్చాయో ఆ చిన్న పుస్తకంలో రాసి ఉంటుంది. బాపు బుక్కు ప్రకారం ఆ మూడు నెలలూ ఆయన మైదానంలో ఉన్న తన యూనిట్లోనే ఉన్నాడు. పెన్షన్ కాగితాలు నింపేటప్పుడు మా గల్లీలోనే ఉండే ఇంకో మాజీ సైనికుడు బుక్కు తిరగేసి, "ఏందిర భాయ్, లడాయి అంటివి, దీంట్ల ఏం లేదు కద" అని నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు మా ఇంటి దాకా వచ్చింది. అమ్మకు కోపం వచ్చినప్పుడల్లా అదే మాట తీసేది. "నీ లడాయి గిడాయి నాకు చెప్పకు. బుక్కుల ఎందుకు లేదు మరి?"

బాపు అసలు సంగతి చాలాసార్లు చెప్పాడు. యుద్ధం మొదలవగానే వాళ్ల యూనిట్ నుంచి పన్నెండు మందిని ఏరి, కొండల మీది వేరే కంపెనీకి కొన్నాళ్ల పనికి పంపారు. దాన్ని అటాచ్‌మెంట్ అంటారు. పని అయిపోయాక వెనక్కి వచ్చారు. కానీ బాపు అక్కడ ఉన్నట్టు రాసే కాగితం మాత్రం యూనిట్‌కు రాలేదు. "మనిషి వచ్చిండు గాని కాయితం రాలే," అనేవాడు. మాకది తప్పించుకునే మాటలా వినిపించేది.

సైన్యం నుంచి వచ్చాక బాపు బేగంబజార్‌లో ఒక గిన్నెల గోదాముకు కాపలా ఉండేవాడు. ఆ గోదాము సేటుది తాతలనాటి నుంచి అక్కడే వ్యాపారం. మంచివాడు. బాపు బాధ విని, తన గుమాస్తా చేత ఇంగ్లీషులో ఒక అర్జీ టైపు చేయించి, సైన్యం రికార్డు ఆఫీసుకు పంపించాడు. ఆరు నెలలకు జవాబు వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. నాకప్పుడు ఇరవై ఒక్కేళ్లు.

ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. బాపు డ్యూటీకి బయలుదేరుతూ ఖాకీ బట్టలు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. నేను ఉత్తరం చదువుతుంటే కాగితం వైపు చూడలేదు, నా పెదవుల వైపు చూశాడు. ఉత్తరం ఒక పేజీ. మీ అర్జీ అందింది, మీరు చెబుతున్న అటాచ్‌మెంట్ వివరాలు మీ రికార్డులో లేవు, ఆ కాలంలో మీతో పనిచేసిన ఇద్దరి పేర్లు, చిరునామాలు, వాళ్ల వాంగ్మూలాలు, వైద్య పత్రాలు ఏవైనా ఉంటే అవీ తొంభై రోజుల్లో పంపితే పరిశీలిస్తాం. అంతే అందులో ఉన్నది.

నేను కాగితం మడిచి అన్నాను. "రికార్డుల లేదంట బాపు. ఇంక రాయొద్దన్నరు."

మొదటి మాట సగం నిజం. రెండోది పూర్తిగా నా సొంతం.

"గట్లనా," అన్నాడు బాపు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ ఆ ఉత్తరం గురించి అడగలేదు. మర్నాడు పొద్దున నేను దాన్ని నీళ్ల పొయ్యిలో వేశాను.

ఎందుకు అలా చేశావని చాలాకాలం నన్ను నేను ప్రశ్నించుకోలేదు. ప్రశ్నించుకున్నాక మొదట తోచిన జవాబులు బాగానే ఉన్నాయి. ఆ నెలలో నాకు ఉద్యోగం పరీక్ష ఉంది. ఆ ఇద్దరినీ ఎక్కడని వెతకాలి, ఎవరు రాయాలి, ఎవరు తిరగాలి, అంతా నా మీదే పడుతుంది. పైగా బాపు మళ్లీ నవ్వులపాలు కాకుండా కాపాడానని కూడా అనుకున్నాను. ఇవేవీ అసలు కారణం కాదు. బాపు అబద్ధం చెబుతున్నాడని నేను నమ్మాను. బుక్కు నిజం, బాపు అబద్ధం. ఇద్దరు సాక్షులను అడిగితే ఆ అబద్ధం బయట పడుతుందని, సైనికుడి బిడ్డనని చెప్పుకునే నా గొప్ప పోతుందని భయపడ్డాను. కాపాడుకున్నది నన్ను.

పరీక్ష పాసయ్యాను. ప్రభుత్వ ఆఫీసులో, సర్టిఫికెట్లు ఇచ్చే సెక్షన్‌లో ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా కౌంటర్ వెనక కూర్చుని జనానికి చెప్పే మాట ఒకటే. ఆధారం తెండి. మీరు చెబితే చాలదు, కాగితం కావాలి. ఈ మాట అనడంలో నాకు మంచి పేరుంది.

అమ్మ పోయాక బాపు మా ఇంట్లోనే ఉంటున్నాడు. మా ఇల్లు కూడా గౌలిపురలోనే, పాత ఇంటికి రెండు గల్లీల అవతల. ఆ యుద్ధం జరిగి యాభై ఏళ్లు నిండినప్పుడు, ఒక ఫంక్షన్ హాల్లో అందులో పాల్గొన్నవాళ్లకు సన్మానం చేస్తున్నారని తెలిసి బాపు వెళ్తానన్నాడు. వద్దన్నాను. వినలేదు. నా పెళ్లికి కుట్టించుకున్న కోటు తీసి ఇస్త్రీ చేయించుకున్నాడు. ఒక్కడినే పంపలేక నేనూ వెళ్లాను.

గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకతను అందరి బుక్కులూ చూసి పేర్లు రాసుకుంటున్నాడు. బాపు బుక్కు తిరగేసి, మళ్లీ మొదటి నుంచి తిరగేసి, మర్యాదగానే అన్నాడు. "బాపూ, దీంట్ల లడాయి ఎంట్రీ లేదు. ఏం అనుకోకు. ఎనక కుర్చీలల్ల కూసో, భోజనం చేసి పో."

"నేను పోయిన బేటా. కశ్మీర్ల ఉన్న. ఖచ్చర్లు తోలిన."

"ఉంటే రాసి ఉంటది కద బాపూ."

వెనక వరసలో ఉన్నవాళ్లు తొంగి చూస్తున్నారు. ఒకాయన తన కోటు మీది పతకాల వైపు చూసుకుని, మా బాపు ఖాళీ కోటు వైపు చూశాడు. నా నోట కౌంటర్‌లో మాట్లాడే గొంతే వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలె బాపు? లేనిదాన్ని ఉన్నదంటే ఎట్ల? అందరు చూస్తున్నరు. పా ఇంటికి."

బాపు బుక్కు తీసుకుని చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఆటోలో సగం దూరం వచ్చాక, బయటికి చూస్తూ అన్నాడు. "నువ్వు గూడ అంటివి."

ఆరోజు సిగ్గుపడ్డాను గానీ బాపును చూసి సిగ్గుపడ్డాను. నన్ను చూసి నేను సిగ్గుపడడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

యాకుత్‌పురా నుంచి ఒక ముసలావిడ మా కౌంటర్‌కు వచ్చింది. చనిపోయిన భర్త పేరు సర్టిఫికెట్‌లో తప్పు పడిందని అర్జీ పెట్టుకుంది. అర్జీ మూసేసి ఉంది. ఆధారాలు అడుగుతూ ఉత్తరం పంపితే జవాబు రాలేదని ఫైల్లో రాసి ఉంది. నేను అలవాటుగా అన్నాను. "ఉత్తరం వచ్చినప్పుడు ఎందుకు జవాబియ్యలే అమ్మా? తొంభై రోజులు దాటినంక మేమేం చేస్తం?"

ఆవిడ అంది. "ఖత్ తో ఆయా థా బేటీ. అంగ్రేజీల ఉత్తరం. పక్కింటామెకు చూపిస్తే, ఏం లేదు, పారెయ్యి అన్నది. మేరేకు క్యా మాలూం?"

నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను. తొంభై రోజులు అన్న మాట నా నోట్లోంచే వచ్చింది. పొయ్యిలో వేసిన కాగితంలో ఉన్న మాట అది. ఆ కాగితం గుర్తు లేదని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను, కానీ ప్రతి అక్షరం గుర్తుంది. ఆవిడను కూర్చోబెట్టి, కొత్త అర్జీ నేనే రాసి, వేలిముద్ర వేయించుకున్నాను. దీవించి, దువా చేస్తూ వెళ్లింది. అది నాకు చెందాల్సిన దువా కాదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బుక్కు ఇమ్మని బాపును అడిగాను.

"ఎందుకు?"

"జర చూస్త."

"చూసినవ్ కద మస్తు సార్లు," అన్నాడు. అయినా లేచి ట్రంకు తెరిచి, ప్లాస్టిక్ కవర్‌లో ఉన్న బుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు.

నిజం చెప్పాలంటే నేను ఆ బుక్కును ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. లేనిది లేదని చూసి మూసేశాను. ఆ కవర్‌లోనే నాలుగు మడతలు పెట్టిన ఇంకో కాగితం ఉంది. రిటైరయ్యే ముందు చేసిన వైద్య పరీక్ష షీటు. మడతల దగ్గర చిరిగిపోయింది. అందులో ఒక వరుసలో, చేతిరాతలో ఉంది. ఎడమకాలు, నాలుగు, అయిదు వేళ్లు, చలి దెబ్బకు కొంత భాగం పోయింది. పక్కన నెల, సంవత్సరం. యుద్ధం జరిగిన నెల తర్వాతి నెల.

తేదీలు చూడడమే నా వృత్తి. ఆ కాలంలో బాపు ఉన్నట్టు బుక్కు చెబుతున్న ఊరు మైదానంలో ఉంది. అక్కడా చలి ఉంటుంది, కానీ మనిషి కాలివేళ్లు తినేంత చలి ఉండదు. నాకు తెలిసినప్పటి నుంచీ ఆ కాలు మా ఇంట్లో నా కళ్ల ముందే తిరుగుతోంది. నేను దానికి బర్రె కథ అంటగట్టాను.

"ఈ వేళ్లు ఎట్ల పోయినయ్ బాపు?" అని అడిగాను. యాభై ఏళ్ల వయసులో.

బాపు నా వైపు చూడకుండా చెప్పాడు, ఆఫీసులో ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టు. "పొద్దున బయలెల్లినం. నా ఖచ్చర్ మీద మందుల పెట్టెలు. మంచు మోకాళ్ల దాక ఉన్నది. నడుమ దారిల అది జారింది. ఎనక కాళ్లు లోయ దిక్కు పోయినయ్. తాడు ఇడిస్తే అది పోతది, పెట్టెలు పోతయ్. పైన దెబ్బలు తగిలినోళ్లు ఉన్నరు. కాలు మంచుల దిగేసి పట్టుకున్న. ముందల పోయిన నాయక్ సాబ్, మా పన్నెండు మందికి పెద్ద, మళ్లొచ్చి లోడు ఇప్పేదాక పట్టుకున్న. ఎంతసేపో తెల్వదు. బూటు తీస్తే ఏళ్లు నల్లగైనయ్."

"తర్వాత?"

"నాయక్ సాబ్ నా కాళ్లు ఆయన కడుపుకు ఆనించుకున్నడు, ఎచ్చదనానికి. నేను వద్దంటున్న. పెద్దోడు, నా కాళ్లు కడుపు మీద పెట్టుకుంటడా? ఊకో అని తిట్టిండు."

"గిదంతా నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. నువ్వు ఆరో తరగతిల ఉన్నప్పుడు చెప్పిన. నవ్వినవ్."

నాకు అది గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. కానీ నవ్వి ఉంటానని తెలుసు.

కొత్త అర్జీ రాశాను. వైద్య షీటు నకలు జతచేశాను. మూడు నెలలకు రికార్డు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. వైద్య పత్రం చూశామని, అయితే ఏ కంపెనీకి అటాచ్ అయ్యారో తేలాలంటే అప్పుడు కలిసి పనిచేసిన ఇద్దరి వాంగ్మూలం కావాలని. దాదాపు పాత ఉత్తరమే. ఈసారి ప్రతి ముక్కా బాపుకు తెలుగులో చదివి వినిపించాను.

బాపు ముఖం వెలిగింది. "నాయక్ సాబ్ ఉన్నడు కద! నాందేడ్ దిక్కు ఊరు. దీవాలీకి దీవాలీకి కార్డు రాస్తుండె, గోదాము అడ్రసుకు. ఆ నౌకరి ఇడిచినంక బందయినయ్. ఆయన ఒక్క మాట చెప్తే సాలు."

ఊరి పేరు, ఇంటిపేరు బాపుకు గుర్తున్నాయి. నెట్‌లో ఆ ఊరి పంచాయతీ నంబరు దొరికింది. వాళ్లు ఇంకో నంబరు ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే నాయక్ గారి కోడలు ఎత్తింది. ఆమె పుట్టిల్లు బోధన్ దిక్కు కావడంతో తెలుగు వచ్చు. విషయమంతా విని, మెల్లగా చెప్పింది. "మా మామగారు పోయి పదకొండేళ్లు అయింది అక్కా."

ఫోన్ పెట్టాక నా మనసు వద్దన్నా ఏళ్లు లెక్క వేసింది. నేను ఉత్తరం పొయ్యిలో వేశాక ఆయన పద్దెనిమిదేళ్లు బతికి ఉన్నాడు. రైలెక్కితే ఆరేడు గంటల దూరంలో.

బాపు అరుగు మీద కూర్చుని ఎల్లిగడ్డ రెబ్బలు వొలుస్తున్నాడు. చెప్పాను. చేతిలోని రెబ్బ కింద పెట్టి అన్నాడు. "మంచోడు. పోయిండా." ఇంకో రెబ్బ తీసుకుని, "ముందుగాల్నే అడగాల్సి ఉండె. గాని అప్పుడు వాళ్లు సాక్షులు గావాలని అడగకపాయె."

ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆ ఉత్తరం లేదు, చూసినవాళ్లు లేరు. ఆ ఆలోచన నాకు వచ్చింది, ఒక క్షణం నిలిచింది కూడా. అది కూడా ఇక్కడ రాయాలి.

"అడిగిండ్రు బాపు," అన్నాను.

"ఏంది?"

"అప్పుడే అడిగిండ్రు. ఇద్దరు సాక్షుల పేర్లు పంపుమన్నరు. తొంభై దినాలు టైమిచ్చిండ్రు. నేనే నీకు చెప్పలే. రాయొద్దన్నరని అబద్ధం చెప్పిన. ఉత్తరం కాలవెట్టిన."

బాపు నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఒళ్లో ఉన్న పొట్టు దులుపుకుని, చెప్పులు వేసుకుని గల్లీలోకి నడిచి వెళ్లిపోయాడు.

గంట చూశాను, రెండు గంటలు చూశాను. బాపు రోజూ పొద్దున నడకకు వెళ్లి కూర్చునేది యాకుత్‌పురా స్టేషన్‌లో. అక్కడే దొరికాడు, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద. పక్కన కూర్చున్నాను. ఒక లోకల్ రైలు వచ్చి, జనం దిగి, వెళ్లిపోయింది.

"నన్ను నమ్మలే నువ్వు. గదే కద?" అన్నాడు.

"అవును బాపు."

"మీ అమ్మకేం చెప్పినవ్?"

ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. "నీకు చెప్పిందే చెప్పిన."

బాపు పట్టాల వైపు చూస్తూ తలూపాడు. "అయితే మీ అమ్మ పోయేటప్పుడు గూడ నేను అబద్ధాలోన్నే."

నేను ఏడ్చాను. బాపు నా వీపు మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యాలని నేనూ అనుకోలేదు. జనం చూస్తున్నారు, చూడనిచ్చాను. కొంతసేపటికి ఆయనే లేచి, "పా, అల్లుడు ఫికర్ చేస్తుంటడు," అన్నాడు. ఇంటిదాకా నాకంటే నాలుగడుగుల ముందే నడిచాడు.

ఆ తర్వాత చాలా రోజులు అన్నం పెట్టనా అంటే పెట్టు, వద్దా అంటే వద్దు, అంతకు మించి మాట లేదు. ఒకరోజు నాందేడ్ నుంచి ఆ కోడలే ఫోన్ చేసింది. "అక్కా, మా మామగారి బుక్కు బీరువాల దొరికింది. పనికొస్తదేమో చూడు," అని ఫోటోలు తీసి పంపించింది. ఆయన బుక్కులో ఆ మూడు నెలల అటాచ్‌మెంట్ రాసి ఉంది, వెళ్లిన కంపెనీ పేరుతో సహా. ఏమీ అడగకుండా, తెలియని మనిషి కోసం ఆమె బీరువా అంతా వెతికింది. నేను మా ఇంట్లో కాగితం పొయ్యిలో వేశాను. ఫోటోలు చూస్తున్నంతసేపూ ఇదే ఆలోచన.

ఆ పేజీలు జతచేసి మళ్లీ పంపాను. నాయక్ గారు బతికి లేరని, మిగతావాళ్ల జాడ తెలియదని, ఈ కంపెనీ పాత జాబితాలు చూడమని వేడుకుంటూ రాశాను. ఏడు నెలలు గడిచాయి.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే మా గల్లీ మొదట్లో ఉన్న మెడికల్ షాపు అతను కౌంటర్ మీది నుంచి కేకేశాడు. "అక్కా, ముబారక్! బాపుది అయింది కద!"

"ఏమైంది?"

"మిలిట్రీ కాయితం వచ్చింది కద. పొద్దున నా దగ్గరకే తెచ్చిండు. మూడుసార్లు చదివిపిచ్చుకున్నడు. ఒక్కో ముక్కకు అర్థం అడిగిండు."

నేను నవ్వుతూ అవునన్నాను. ఇంటికి వెళ్లేసరికి ఉత్తరం బల్ల మీద ఉంది, తెరిచిన కవర్‌తో. ఆ కంపెనీ జాబితాలో బాపు పేరు దొరికింది. సిపాయి నంబరులో ఒక అంకె తప్పుగా పడడంతో ఆ కాగితం ఎవరి రికార్డులోకీ చేరలేదట. యుద్ధకాలపు సేవ నమోదు చేస్తూ సవరణ జారీ చేశామని, బుక్కులో అతికించుకోవడానికి ముద్ర వేసిన చీటీ జతచేశామని, పతకాలకు వేరే అర్జీ పెట్టుకోవచ్చని రాశారు.

"షాపతనికి చూపించినవంట," అన్నాను.

"ఆఁ," అన్నాడు బాపు. నా కళ్లలోకి సూటిగా చూశాడు. "ఇప్పుడు నువ్వు చదువు."

చదివాను. ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. షాపతను చెప్పినదానితో సరిపోల్చుకుంటున్నట్టు ప్రతి వాక్యానికీ తలూపాడు. అంతా అయ్యాక "సరిపోయింది" అన్నాడు. ఇప్పటికీ ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా, బ్యాంకుదైనా, కంటి ఆస్పత్రిదైనా, మొదట మెడికల్ షాపుకే వెళ్తుంది. తర్వాత నా దగ్గరికి వస్తుంది. నేను ఏమీ అనను. అనే హక్కు నాకు లేదు.

చీటీ అతికించిన రోజు బాపు అమ్మ ఫోటో ముందు బుక్కు తెరిచి పెట్టాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను వంటింట్లోనే ఉండిపోయాను.

పతకాల గురించి అడిగితే "తర్వాత చూద్దాం తియ్యి. ముందుగాల నాయక్ సాబ్ ఇంటికి పోవాలె," అన్నాడు. పోయిన చలికాలంలో ఇద్దరం రైల్లో వెళ్లాం. బాపు బేగంబజార్ వెళ్లి ఆ ఇంటికోసం ఒక పెద్ద ఇత్తడి గిన్నె కొన్నాడు. దారంతా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు. చిన్న ఊరు. పత్తి చేల మధ్య రేకుల ఇల్లు. కోడలు మాకు కాళ్లకు నీళ్లిచ్చి, జొన్నరొట్టె, పల్లీల పచ్చడి పెట్టింది. నాయక్ గారి కొడుకు పొలం నుంచి వచ్చాడు. ఇరుగుపొరుగు నలుగురు చేరారు.

బాపు నన్ను చూపించి చెప్పాడు. "నా బిడ్డ. కాయితాల పనంత గీమెనే చేసింది."

కోడలు నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇట్లాంటి బిడ్డ ఉండాలె అక్కా," అంది. కొడుక్కి మరాఠీలో అదే చెప్పింది. నేను అసలు సంగతి చెప్పబోయాను. బాపు కళ్లతోనే వద్దన్నాడు. నా మీద దయతో వద్దన్నాడో, వాళ్ల ముందు తన బిడ్డ చిన్నబోకూడదని వద్దన్నాడో, ఆరోజూ అడగలేదు, ఇప్పుడూ అడగలేను. నోరు మూసుకుని ఆ పొగడ్త విన్నాను. ఫంక్షన్ హాల్లో బాపు కూడా ఇలాగే నోరు మూసుకుని నా మాటలు విన్నాడు.

నాయక్ గారు లడాయి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదట. కొడుకు బాపు దగ్గర నేల మీద కూర్చుని అడిగాడు, నాన్న అక్కడ ఎట్లా ఉండేవాడని. బాపు సిపాయిల హిందీలో మొదలుపెట్టాడు. కాళ్లు కడుపుకు ఆనించుకున్నది చెప్పాడు. నాయక్ గారు ఖచ్చర్లకు వాళ్ల ఊరి ఆడవాళ్ల పేర్లు పెట్టి పిలిచేవాడని చెబితే అందరూ నవ్వారు. రొట్టెపిండి గడ్డకడితే చంకలో పెట్టుకుని కరిగించేవాళ్లమని, ఒక ఖచ్చర్ చచ్చిపోతే నాయక్ గారు రోజంతా అన్నం ముట్టలేదని, వెనక్కి వచ్చే రోజున లారీ ఎక్కేముందు పన్నెండు మందీ మిగిలిన జంతువుల మెడలు పట్టుకుని నిలబడ్డారని. బాపు గొంతు అంత తేలిగ్గా పలకడం నేనెప్పుడూ వినలేదు. వాళ్లతో పాటు నేనూ మొదటిసారి వింటున్నాను.

కోడలు నా పక్కకు వంగి, మెల్లగా అడిగింది. "మీరు చిన్నప్పటి సంది ఇవన్ని మస్తుసార్లు విని ఉంటరు కద అక్కా?"

"లేదమ్మా," అన్నాను. "ఎప్పుడూ అడగలే."